కాటన్ దొరగారి మరో 39 ఏళ్లు



గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని ఇల్లు అరుదు. అక్కడి రైతు ఏ మతస్థుడైనా ఆయన విగ్రహం మెడలో దండ వేస్తాడు. నదీస్నానం చేసేటప్పుడు ఆయన పేరు తలచుకునే పురోహితులు ఉండేవారని పెద్దలు చెబుతారు. మన సంఘాల్లో మాత్రం ఇంకో మాట కలుపుతాం: ఆయన ప్రార్థనాపరుడు, మనవాడు అని. అందులో అబద్ధమేమీ లేదు. అయితే మనం చెప్పుకునే కాటన్ కథ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడంతోనే ఆగిపోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టాడు. 1821లో 18 ఏళ్ల కుర్రవాడిగా మద్రాసులో దిగాడు. 1860లో ఇక్కడి ఉద్యోగం విడిచి వెళ్లాడు. అంటే 39 ఏళ్ల సేవ. ఆ తర్వాత 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అంటే పని ఎన్నేళ్లో విశ్రాంతి కూడా అన్నేళ్లే. మొదటి 39 ఏళ్లకు మనం విగ్రహాలు కట్టాం. రెండో 39 ఏళ్ల సంగతి మనలో ఎవరూ అడగలేదు.

ఈ వారం ఆ రెండో సగం గురించే రాయాలనుకున్నాను. ఎందుకంటే ఇప్పుడు మన ఆరాధనల్లో ముందు వరుసల్లో కూర్చునే వారిలో చాలామంది రిటైరైన దంపతులే. టీచర్లుగా, నర్సులుగా, రైల్వేలో, బ్యాంకుల్లో, కరెంటు ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలో ఉంటారు. దేవుడిచ్చిన ఆరోగ్యంతో ఇంకో పాతికేళ్లు బ్రతుకుతారు. ఆ పాతికేళ్లు దేనికి అనే ప్రశ్నకు మన ప్రసంగాల్లో జవాబు దొరకడం కష్టంగా ఉంది.

ముందు ఆయన ఇంటి సంగతి చెప్పుకుందాం. కాటన్ పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడు. మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, బర్మా యుద్ధానికి వెళ్లి, తరువాత తంజావూరు ప్రాంతంలో నీటి పనుల మీద పడ్డాడు. 1836లో కొల్లిడం నది మీద ఎగువ ఆనకట్ట పూర్తి చేశాడు. ఎండలో తిరిగి తిరిగి ఆరోగ్యం చెడిపోయింది. గాలి మార్పు కోసం ఆస్ట్రేలియా పక్కనున్న తాస్మానియా ద్వీపానికి వెళ్లాడు. అక్కడే 1841లో, 38 ఏళ్ల వయసులో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు వారికి కూతురు పుట్టింది. ఆమెకు తల్లి పేరే పెట్టారు. ఈ కూతురిని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పుట్టింటిని, సముద్రాన్ని దాటి ఆ ఇల్లాలు భర్త వెంట మన తీరానికి వచ్చింది. ఆమె పేరు మనలో చాలామందికి తెలియదు. ఆనకట్ట కట్టినవాడి పేరు చెప్పుకుంటాం గాని, వేసవిలో గోదావరి ఇసుక మీది వడగాలిలో ఆ మనిషికి ఇల్లు అనేదొకటి ఉండేలా చూసినదెవరో తలచుకోం. పాదిరుల భార్యల విషయంలో, సంఘ పెద్దల భార్యల విషయంలో కూడా మన అలవాటు ఇదే.

అప్పటి గోదావరి సీమ పచ్చగా ఉండేది కాదు. 1833లో గుంటూరు కరువు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. 1839లో కోరింగ మీద పెను తుపాను పడింది. నది నిండా నీళ్లుండగా పక్కన పొలం ఎండిపోవడం కాటన్‌కు భరించరాని విషయమైంది. ఆయన నివేదికలకు ఎట్టకేలకు అనుమతి దొరికి, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. వేలాదిమంది కూలీలు పనిచేశారు. వీణం వీరన్నగారి వంటి మన వాళ్లు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. మధ్యలో కాటన్ మళ్లీ జబ్బుపడి రెండేళ్లు దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ రెండేళ్లు కెప్టెన్ ఓర్ అనే అధికారి పని ఆగకుండా నడిపించాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది.

నిజం నిజంగా చెప్పుకోవాలి. కంపెనీ ప్రభుత్వం ఈ ఖర్చుకు ఒప్పుకున్నది జాలితో మాత్రమే కాదు, శిస్తు పెరుగుతుందని కూడా. కాటన్ కూడా వాళ్లకు అర్థమయ్యే భాషలో, అంటే లాభనష్టాల లెక్కలతోనే వాదించాడు. అయినా ఆ లెక్కల వెనక ఆయనను నిద్రపోనివ్వనిది కరువే. ఆకలితో ఉన్న మనుషుల పక్కనుంచి నది వట్టినే సముద్రంలో కలిసిపోవడం దేవుని ఎదుట తాము లెక్క చెప్పవలసిన తప్పు అని ఆయన నమ్మాడు.

ఇప్పుడు ఆయన ఇంగ్లాండుకు తిరిగి వెళ్లిన సంగతి. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. తరువాత మరో పెద్ద గౌరవం, సైన్యంలో జనరల్ హోదా వచ్చాయి. కొంతకాలానికి ఆ దంపతులు లండనుకు దక్షిణాన సర్రే జిల్లాలోని డోర్కింగ్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. వేలమందికి పని పురమాయించిన మనిషికి ఇప్పుడు చేతి కింద ఉన్నది ఒక ఇల్లు, ఒక తోట.

అక్కడ ముందు పని మొదలుపెట్టింది ఆయన కాదు, కూతురు. తాస్మానియాలో పుట్టిన ఎలిజబెత్ అప్పటికి ముప్పైల్లో ఉంది. డోర్కింగ్‌లో కూలి పని చేసుకునే మగవాళ్లు సాయంత్రం కాగానే సారా దుకాణాలకు పోవడం ఆమె చూసింది. తాగొద్దని తిట్టడం వల్ల ఎవరూ మారరని ఆమెకు అర్థమైంది. పని నుంచి అలసి వచ్చినవాడికి కూర్చోవడానికి వెచ్చని చోటు, పలకరించే మనిషి కావాలి. అవి సారా దుకాణంలో తప్ప మరెక్కడా లేవు. అందుకని ఆమె ఒక కాఫీ గది తెరిచింది. తక్కువ ధరకు వేడి కాఫీ, తినడానికి ఏదో ఒకటి, కూర్చోవడానికి బల్లలు. వచ్చినవారితో మాటలు, తరువాత బైబిలు తరగతి, పాటలు, తాగుడు మానేస్తామని సంతకాలు.

తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి. తండ్రి సర్ బిరుదు పొందిన సైనికాధికారి. కూతురు పెళ్లి కాకుండా ఇంట్లో ఉంది. ఆమె పోయి తాగుబోతుల మధ్య కాఫీ గది నడుపుతానంటోంది. ఆనాటి పరువుగల ఇళ్లల్లో ఇలాంటిది జరగనిస్తారా? మన ఇళ్లల్లో ఈనాడైనా జరగనిస్తామా? కాటన్ ఇంట జరిగింది. 1876లో ఆ కాఫీ గది అనుభవాలను ఆమె పుస్తకంగా వేసినప్పుడు ముందుమాట రాసినది తండ్రే. గోదావరికి అడ్డుకట్ట వేసిన మనిషి కూతురి పనికి అడ్డు రాలేదు. తన పేరును ఆమె పని కింద ఆసరాగా పెట్టాడు.

రెండవ సమూయేలు 19వ అధ్యాయంలోని బర్జిల్లయి గుర్తొస్తాడు. దావీదు కష్టకాలంలో అతనికి మహనయీములో భోజనం పెట్టినవాడు, 80 ఏళ్ల వృద్ధుడు. రాజు తనతో యెరూషలేముకు రమ్మని పిలిస్తే వద్దన్నాడు. తన బదులు కింహామును తీసుకుపొమ్మన్నాడు. ఆ గౌరవస్థానం తనకు దక్కనందుకు ఆ వృద్ధుడు ఏమీ బాధపడలేదు. కాటన్ ఆ వృద్ధుని బాట పట్టాడు.

కాఫీ గది పుస్తకం వచ్చిన ఏడే మన దేశంలో పెద్ద కరువు పుట్టింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది అదే. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి ప్రాంతాల్లో లక్షల మంది చనిపోయారు. మన కర్నూలు, కడప, బళ్లారి సీమలు మలమలమాడాయి. గోదావరి, కృష్ణ డెల్టాల్లో మాత్రం పంట పండింది. డోర్కింగ్ ఇంట్లో ఈ వార్తలు చదివిన ముసలాయన ఊరుకోలేకపోయాడు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, చిన్న పుస్తకాలు రాసి అచ్చు వేయించాడు. నర్సుగా పేరుపొందిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఉత్తరాలతో ఆయనకు తోడు నిలిచింది. 1878లో, 75 ఏళ్ల వయసులో, పార్లమెంటు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పెట్టండి, కాలువ నీళ్లూ ఇస్తుంది, సరుకూ మోస్తుంది అన్నది ఆయన వాదన.

వాళ్లు ఒప్పుకోలేదు. ఆయన లెక్కలు అతిగా ఉన్నాయన్నారు. కర్నూలు కడప కాలువ కట్టిన కంపెనీ నష్టపోవడాన్ని ఎత్తి చూపారు. ఆ కాలువ కాటన్ ఆలోచనే. కనుక ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. అన్నిటా ఆయనదే ఒప్పు అని మనం అనక్కర్లేదు. రైళ్లను ఆయన మరీ తక్కువ చేసి చూశాడు. నేల వాలు, నీటి సమృద్ధి అన్ని చోట్లా గోదావరి డెల్టాలాగే ఉండవు. అయినా కరువుకు నీళ్లే మందు అన్న మూలమాటలో ఆయనదే సత్యమని తరువాతి కాలం తేల్చింది. కానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ వచ్చి చెప్పలేదు.

ప్రియులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. రిటైరైనవారికి డబ్బు తగ్గడం కన్నా, మోకాళ్ల నొప్పి కన్నా పెద్ద బాధ ఒకటుంది. అది తమ మాట చెల్లకపోవడం. నిన్నటివరకు సంతకం పెడితే పని జరిగేది. ఇవాళ ఇంట్లో కొడుకు వినడు, సంఘంలో కమిటీ వినదు. ఆ బాధ రెండు దారులు వెదుక్కుంటుంది. ఒకరు పదవిని పట్టుకుని వేలాడతారు. కార్యదర్శి కుర్చీ, కోశాధికారి పుస్తకం వదలరు. వదలమంటే కోర్టుకు వెళతారు. సంఘాల ఆస్తి తగాదాల్లో ఎన్నిటిలో రిటైరైనవారి పంతం దాగి ఉందో మీకూ తెలుసు. ఇంకొకరు అలిగి మూల కూర్చుంటారు. ఆదివారం వస్తారు, వెళతారు. ఏదడిగినా మమ్మల్ని ఎవరు అడుగుతారులే అంటారు. చూడటానికి ఈ దారులు వేరు. లోపల ఉన్నది మాత్రం ఒకటే: నా మాట చెల్లకపోతే నేను చేయడానికి ఇంకేమీ లేదు అన్న తలంపు.

కాటన్ ఈ రెండు దారుల్లో దేనినీ పట్టలేదు. పార్లమెంటు వినకపోతే తోటలోకి వెళ్లాడు. ఎనభై దాటిన వయసులో, తన ఇంటి దగ్గర కొద్దిపాటి నేల తీసుకుని, దానిని లోతుగా తవ్వించి గుల్లచేసి, గోధుమ వేసి చూశాడు. పైపైన దున్నే బదులు మట్టిని లోతుదాకా వదులు చేస్తే వేరు కిందికి పోతుంది, అదే నేలలో ఎన్నో రెట్లు పంట వస్తుంది అన్నది ఆయన పరీక్ష. గింజలు తూచి, లెక్కకట్టి, ఫలితాలు రాసి మిత్రులకు పంపేవాడు. పెద్ద నది దక్కనివాడు చిన్న మడి పట్టుకున్నాడు. పని చిన్నదైపోయిందని చింతించలేదు. నీళ్లు చాలని రైతుకు తిండి గింజలు ఎలా అన్న ఆ పాత ప్రశ్ననే కొత్త చోట అడుగుతున్నాడు.

ఇంకో పని కూడా చేశాడు. పరదేశాలకు వెళ్లే మిషనరీలు వ్యాకరణం వల్లెవేస్తూ ఏళ్లు గడిపి, తీరా ఊళ్లో మనిషితో మాట్లాడలేకపోవడం ఆయన చూశాడు. పిల్లవాడు తల్లి దగ్గర నేర్చినట్టు, చెవితో విని నోటితో పలికి భాష నేర్చుకోవాలని ఆయన పట్టు. 1876లో, అంటే 73 ఏళ్ల వయసులో, అరబిక్ నేర్చేవారి కోసం 30 ముఖ్యమైన మాటలతో 180 చిన్న వాక్యాలు కూర్చి ఒక వాచకం అచ్చు వేశాడు. ఆ భాష మాట్లాడే నేలలో ఆయన ఇక పనిచేయబోయేది లేదు. వెళ్లబోయేవారి నోరు తిరగాలని ఆయన కోరిక. కూతురికి ముందుమాట, మిషనరీలకు వాచకం, రైతుకు గోధుమ మడి. మూడింటిలోనూ పంట కోసుకునేది వేరేవాళ్లే.

ఇక కూతురి సంగతి. ఆమె 1877లో నౌకాదళ అధిపతి సర్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. కొద్దికాలానికే, 1881లో, ఆయన చనిపోయాడు. తరువాత కూడా ఆమె కాఫీ గదుల పని, సువార్త పని సాగించింది. తండ్రి చనిపోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన జీవితచరిత్ర వెలువరించినది ఆమే. కాటన్ గురించి లోకం చదివేది చాలామట్టుకు ఆ కూతురు రాసినదే. మనమంతా వృద్ధాప్యంలో మన గురించి సంఘం ఏమనుకుంటుందో అని చూస్తాం. మన ప్రార్థన, మన కోపం, మన భోజనాల బల్ల చూసిన పిల్లలు మన గురించి ఏమి రాస్తారన్నది అంతకన్నా కఠినమైన పరీక్ష. ఇంట్లో ఒకటి, బయట ఒకటిగా బ్రతికిన తండ్రి గురించి ఏ కూతురూ అంత పెద్ద పుస్తకం ప్రేమతో రాయదు.

ఆ వృద్ధుని సమాధి డోర్కింగ్‌లోనే ఉంది. ఆయన కట్టిన పాత ఆనకట్టకు బదులుగా మన ప్రభుత్వం 20వ శతాబ్దంలో కొత్త బరాజు కట్టి దానికి ఆయన పేరే పెట్టింది.

రిటైరైన దంపతులారా, మీకు నా మనవి ఇది. మీ చేతిలో ఇప్పుడు నది లేకపోవచ్చు. మడి తప్పక ఉంటుంది. పక్కింటి పిల్లకు లెక్కలు చెప్పడం, ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్నవారి దగ్గర ఒక పూట కూర్చోవడం, పింఛను కాగితాలు నింపలేని విధవరాలికి నింపి పెట్టడం, సండే స్కూలు టీచరమ్మకు చాటుగా ఆసరా ఇవ్వడం. మనవళ్లను చూసుకోవడానికి విదేశం వెళ్లే ఆరు నెలలు కూడా వృథా కాదు. ఆ పిల్లలకు తెలుగులో ప్రార్థన నేర్పగలిగేది బహుశా మీరొక్కరే. ఇద్దరూ కలిసి చేయండి. అమ్మగారు వంటగదిలో, అయ్యగారు వరండాలో పేపరుతో, రెండు వేర్వేరు విశ్రాంతులుగా ఆ ఏళ్లు గడిపేయకండి. మీ కుమారుడో కోడలో మీకు తెలియని కొత్త పరిచర్య ఏదైనా మొదలుపెడతానంటే ముందు తప్పులు వెదకకండి. ముందుమాట రాయండి.

కాపరులారా, సంఘ పెద్దలారా, మీకూ ఒక మనవి. ముసలివారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి ఫోటో తీసి పంపేయడం సన్మానమే గాని సహవాసం కాదు. వారిని పని అడగండి. 39 ఏళ్లు నేర్చినది ఒక మనిషిలో ఉండగా సంఘం దానిని తాకకుండా వదిలేయడమంటే, నిండు గోదావరి పొలాల పక్కనుంచే వెళ్లి సముద్రంలో కలిసిపోవడం లాంటిదే. ఆ దృశ్యాన్ని కాటన్ దొర ఓర్చుకోలేకపోయాడు. మనం ప్రతి ఆదివారం ఓర్చుకుంటున్నాం.

92వ కీర్తన చివర దేవుని మందిరంలో నాటిన చెట్టు గురించి ఉంది. వయసు మీరినా ఆ చెట్టు కాపు మానదు. మన సంఘాల్లోని తెల్లని తలలన్నిటినీ ప్రభువు ఆ చెట్టులాగ ఫలింపజేయును గాక. ఆమేన్.

మీ సహోదరుడు,
సంపాదకుడు